గుట్టలూ బురదా: మోటోక్రాస్ తొలి యాభై ఏళ్లు

మోటోక్రాస్ పుట్టింది ఇంగ్లండ్‌లో, సర్రే కౌంటీలోని క్యాంబర్లీ దగ్గర, పొదలూ ఇసుకదిబ్బలూ నిండిన బీడులో. 1924 మార్చి 29న అక్కడ జరిగిన ‘సదరన్ స్కాట్ స్క్రాంబుల్’నే చరిత్రకారులు ఈ క్రీడకు తొలి పోటీగా లెక్కిస్తారు. దానికి మూలం ఉత్తరాన యార్క్‌షైర్‌లో ఉంది. స్కాట్ మోటార్‌సైకిళ్ల తయారీదారు ఆల్‌ఫ్రెడ్ స్కాట్ 1914లో తన కార్మికుల కోసం ఒక పరీక్ష లాంటి పోటీ మొదలుపెట్టాడు. అందులో వేగం ఒక్కటే చాలదు. రాళ్ల మధ్యా వాగుల్లోనూ కాలు కింద పెట్టకుండా బండి నడపాలి, కాలు ఆనితే గుర్తులు కోసేస్తారు. దక్షిణాది కుర్రాళ్లు ఈ కాలు లెక్కను తీసి పక్కన పెట్టారు. ఎవరు ముందొస్తే వాళ్లదే గెలుపు అన్నారు. ఆ రోజు గెలిచిన ఆర్థర్ స్పార్క్స్ నడిపింది కూడా స్కాట్ బండే.

రెండు ప్రపంచ యుద్ధాల మధ్యకాలంలో ఇది ఎక్కువగా బ్రిటిష్ క్లబ్బుల ఆదివారం సరదాగానే మిగిలింది. మామూలు రోడ్డు బండికి దీపాలూ మడ్‌గార్డులూ విప్పేసి, పోటీలో దిగి, సాయంత్రం వాటిని తిరిగి బిగించుకుని ఇంటికి పోయేవాళ్లు. కొండలు దాటుతూ మైళ్ల కొద్దీ సాగే ఈ పందేన్ని ఫ్రెంచివాళ్లు చిన్న వలయంలోకి కుదించారు. అదే దారిలో పదేపదే చుట్లు తిరగడం, చుట్టూ నిలబడ్డ జనం ప్రతి మలుపునూ చూడగలగడం వాళ్ల పద్ధతి. మోటోక్రాస్ అనే పేరూ వాళ్లదే. క్రీడను ప్రజల ముందుకు తెచ్చింది ఈ మార్పే. టిక్కెట్టు కొన్న మనిషికి బండి ఒక్కసారి కనబడి మాయమైపోతే వచ్చే ఆదివారం మళ్లీ ఎందుకు వస్తాడు?

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక పరిస్థితి కలిసొచ్చింది. సైన్యం వదిలించుకున్న మోటార్‌సైకిళ్లు చవగ్గా దొరికాయి, సైన్యంలో బండి నడపడం నేర్చిన యువకులూ ఉన్నారు. 1947లో నెదర్లాండ్స్‌లోని వాసెనార్‌లో, డౌన్‌రెల్ ఎస్టేటు ఇసుకలో దేశాల మధ్య జట్టు పోటీ తొలిసారి జరిగింది. బ్రిటన్, బెల్జియం, నెదర్లాండ్స్ జట్లు తలపడగా బిల్ నికల్సన్, ఫ్రెడ్ రిస్ట్, బాబ్ రే ఉన్న బ్రిటన్ జట్టు గెలిచింది. ‘మోటోక్రాస్ దె నాసియోఁ’గా పేరుపొందిన ఆ పోటీ నేటికీ ఏటా జరుగుతోంది. 1952లో 500 సీసీ తరగతికి యూరోపియన్ చాంపియన్‌షిప్ వచ్చింది. తొలి విజేత బెల్జియం రైడర్ విక్టర్ లెలూ, ఎఫ్‌ఎన్ బండి మీద. తర్వాతి రెండేళ్లూ అతని దేశస్థుడే అయిన ఆగస్ట్ మింగెల్స్, 1955లో బీఎస్ఏ మీద జాన్ డ్రేపర్, 1956లో నార్టన్ మీద లెస్ ఆర్చర్ గెలిచారు. 1957లో దానికి ప్రపంచ చాంపియన్‌షిప్ హోదా దక్కింది.

ఆ మొదటి ప్రపంచ విజేత స్వీడన్‌కు చెందిన బిల్ నిల్సన్. అతని బండి కథలో ఆ కాలమంతా కనిపిస్తుంది. తారు రోడ్డు పందేల కోసం తయారైన ఏజేఎస్ 7ఆర్‌ను తీసుకుని, కోసి, మార్చి, బురదలో నడిచే యంత్రంగా చేసుకున్నాడు. ఆర్చర్ నార్టన్‌లో ఉన్నది కూడా రోడ్డు రేసింగ్‌లో పేరు మోసిన మాంక్స్ ఇంజనే. స్వీడన్‌లో హస్క్‌వర్నా 500 బండికి సైన్యం కోసం రూపొందిన ఆల్బిన్ ఇంజన్ ఆధారమైంది. దుకాణానికి పోయి మోటోక్రాస్ బండి కొనుక్కునే రోజులు కావవి. వేరే పని కోసం చేసిన ఇంజన్ను దొరికించుకుని దాని చుట్టూ బండి కట్టుకోవాలి. అందుకే ఆ తరం వీరుల్లో చాలామంది మంచి మెకానిక్కులు. చేతికి గ్రీజు అంటని చాంపియన్ అప్పట్లో అరుదు.

ఆ బండ్లు బరువైనవి. 500 సీసీ ఫోర్ స్ట్రోక్ బండి దాదాపు 140 కిలోలు తూగేది. వెనక చక్రం పైకీ కిందికీ కదిలే మేర సుమారు నాలుగు అంగుళాలు, అంటే పది సెంటీమీటర్లు మాత్రమే. ఇవాళ్టి బండికి అది పన్నెండు అంగుళాలకు అటూఇటూగా ఉంటుంది. ఈ ఒక్క తేడా గమనిస్తే పాత పోటీల తీరంతా బోధపడుతుంది. నాలుగు అంగుళాల స్ప్రింగు మింగలేని గుంతను రైడర్ తన మోకాళ్లతో, మోచేతులతో మింగాలి, లేదా పక్కకు తప్పుకోవాలి. ఎక్కడ నేల గట్టిగా ఉంది, చెట్టు వేరు ఏ వైపు లేచింది, గత చుట్టులో లేని గాడి ఇప్పుడెంత లోతు పడింది అని చుట్టు చుట్టుకూ కొత్తగా చదువుకోవాలి. గెలుపోటములు ఇంజన్ కంటే ఆ చదువు మీదే ఎక్కువగా ఆధారపడేవి. పాత తరం అభిమానులు ఆ రోజుల్ని తలచుకుని బెంగపడేది కూడా దీని కోసమే అనిపిస్తుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజన్ల గంభీరమైన మోతను వాళ్లెంత పొగిడినా అది పైపై మాటే.

నేలకు ఇంత ప్రాధాన్యం ఉన్నప్పుడు పోటీ జరిగే చోట్లకూ వ్యక్తిత్వం ఉంటుంది. ష్రాప్‌షైర్‌లోని హాక్‌స్టోన్ పార్క్ పేరు చెబితే బ్రిటిష్ అభిమానికి గుర్తొచ్చేది అక్కడి నిట్టనిలువు ఇసుక గుట్ట. సగం దూరంలో వేగం తగ్గినవాడు కిందికి దిగి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. బెల్జియంలో నామూర్ పట్టణపు కోటకొండది మరో తీరు. అడవిలో చెట్ల మధ్యగా, రాళ్లు తేలిన వాలుల మీదుగా, చివరికి ఒక కెఫే వాకిటి ముందు నుంచి దారి పోయేది. కెఫేలో బీరు తాగుతున్నవాళ్లకు చేతికందేంత దూరంలో ప్రపంచ చాంపియన్లు దూసుకుపోయేవాళ్లు. భద్రతా నియమాలు తెలిసిన నేటి నిర్వాహకుడు చూస్తే హడలిపోతాడు. అయినా నామూర్‌లో గ్రాండ్ ప్రీ పోటీలు 2007 దాకా సాగాయి.

బ్రిటన్‌లో ఈ రైడర్లను ఇంటింటికీ పరిచయం చేసింది టెలివిజన్. 1960లలో శీతాకాలపు శనివారం మధ్యాహ్నాలు బీబీసీ ‘గ్రాండ్‌స్టాండ్’ కార్యక్రమంలో స్క్రాంబుల్ పోటీలు (బ్రిటన్‌లో మోటోక్రాస్‌కు పాత పేరు) ప్రత్యక్షంగా వచ్చేవి. వ్యాఖ్యానం ముర్రే వాకర్‌ది. తర్వాత ఫార్ములా వన్ గొంతుగా ప్రపంచానికి తెలిసింది ఆయనే. మంచు కురిసి ఫుట్‌బాల్ మ్యాచ్‌లూ గుర్రప్పందాలూ రద్దయినా స్క్రాంబుల్ ఆగేది కాదు, పైగా బురద ఎక్కువైన కొద్దీ చూడముచ్చటగా ఉండేది. నలుపు తెలుపు తెర మీద, నిలువెల్లా బురద పూసుకున్న నలుగురిలో ఎవరు ఎవరో పోల్చుకోవడమే కష్టం. అయినా జెఫ్ స్మిత్, డేవ్ బికర్స్, ఆర్థర్ ల్యాంప్‌కిన్, విక్ ఈస్ట్‌వుడ్ పేర్లు పిల్లల నోళ్లలో నానాయి.

వీళ్లలో జెఫ్ స్మిత్‌ది ప్రత్యేక స్థానం. బీఎస్ఏ కర్మాగారంలో అప్రెంటిస్‌గా చేరి అక్కడే ఎదిగినవాడు. 1964, 1965లలో వరసగా 500 సీసీ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. విశేషమేమిటంటే అతని ఇంజన్ నిండు 500 సీసీ కాదు. చిన్న రోడ్డు బండి నుంచి పెంచుకుంటూ వచ్చిన 420, ఆపై 441 సీసీ యంత్రం. శక్తి తగ్గినా బరువు తగ్గితే లాభమేనని బీఎస్ఏ లెక్క వేసింది. ఆ లెక్క అంతటితో ఆగి ఉంటే బాగుండేది. 1966లో మరింత తేలిక కోసం టైటానియం చట్రం చేశారు. ఉక్కు చట్రం విరిగితే పోటీ మైదానంలోనే అతుకు వేయవచ్చు. టైటానియంకు అది కుదరదు. ఆ ఏడు కిరీటం చేజారింది. ఫోర్ స్ట్రోక్ బండ్ల మొదటి శకం దాదాపుగా అక్కడితో ముగిసింది.

బ్రిటన్‌లోనే చిన్న సంస్థలు కొన్ని వేరే దారి పట్టాయి. హాంప్‌షైర్‌లో డాన్, డెరెక్ రిక్‌మన్ సోదరులు తామే పోటీల్లో దిగుతూ ‘మెటిస్’ పేరుతో చట్రాలు చేశారు. నికెల్ పూత మెరిసే ఆ చట్రంలో ట్రయంఫ్ ఇంజన్ పెట్టిన బండిని ఈ క్రీడలోకెల్లా అందమైనదిగా చాలామంది చెప్పుకుంటారు, ఆ మాట కొట్టిపారేయడం కష్టం. ఎసెక్స్‌లోని గ్రీవ్స్ సంస్థ నేపథ్యం మరీ విచిత్రం. బర్ట్ గ్రీవ్స్ దివ్యాంగుల కోసం మోటారు బళ్లు తయారు చేసే వ్యాపారం నుంచి మోటార్‌సైకిళ్లలోకి వచ్చాడు. ఆ గ్రీవ్స్ టూ స్ట్రోక్ మీద డేవ్ బికర్స్ 1960, 1961లలో 250 సీసీ యూరోపియన్ చాంపియన్ అయ్యాడు. మరుసటి ఏడు ఆ తరగతికి ప్రపంచ హోదా వచ్చింది.

టూ స్ట్రోక్‌ల గెలుపుకు కారణం సూటిగానే ఉంది. వాల్వులూ క్యాములూ ఉండవు కాబట్టి ఇంజన్ తేలిక. క్రాంకు తిరిగే ప్రతి చుట్టుకూ ఒక పేలుడు కాబట్టి సైజుకు మించిన శక్తి. కడుపు ఉబ్బిన సైలెన్సరు గొట్టం ఒత్తిడి అలల్ని వెనక్కి పంపి, బయటికి జారిపోయే ఇంధనాన్ని తిరిగి సిలిండర్‌లోకి నెట్టే విద్య 1950లలో తూర్పు జర్మనీ ఎంజెడ్ సంస్థలో బాగా పదునెక్కింది. మోటోక్రాస్‌లో దాన్ని వాడుకుని లాభపడింది చెకొస్లొవాకియాలోని సీజడ్. స్ట్రాకొనిట్సే కర్మాగారం నుంచి వచ్చిన ఆ బండ్ల మీద బెల్జియం యువకుడు జోయెల్ రోబేర్ 1964లో, సోవియట్ రైడర్ విక్తోర్ అర్బెకోవ్ 1965లో 250 టైటిళ్లు కొట్టారు. 1966 నుంచి మూడేళ్లు వరసగా 500 సీసీ చాంపియన్ తూర్పు జర్మన్ పాల్ ఫ్రీడ్రిక్స్, అతనిదీ సీజడ్ బండే. ఇనుప తెర అటూ ఇటూ ఉన్నవాళ్లు ఒకే గీత మీద నిలబడి పోటీ పడిన కొద్ది వేదికల్లో ఇదొకటి. ఈ సీజడ్‌కు సోదర సంస్థ జావా. 1961లో మైసూరులో మొదలైన ఐడియల్ జావా కర్మాగారం బండ్లు, ఆ తర్వాతి యెజ్డీలు తెలుగు ఊళ్ల రోడ్ల మీద కొన్ని దశాబ్దాలు మోగాయి. రెండు సైలెన్సర్ల ఆ టూ స్ట్రోక్ చప్పుడు ఎరిగినవారికి సీజడ్ కుటుంబం పూర్తిగా పరాయిదేమీ కాదు.

250 తరగతిలో రోబేర్‌కు దీటైన ప్రత్యర్థి స్వీడన్‌వాడు టోర్స్టెన్ హాల్‌మన్. హస్క్‌వర్నా మీద నాలుగు సార్లు ప్రపంచ చాంపియన్: 1962, 1963, 1966, 1967. హాల్‌మన్‌ది లెక్క ప్రకారం నడిచే మనస్తత్వం, క్రమశిక్షణ. రోబేర్‌కు వ్యాయామం అంటే గిట్టదు, సిగార్లూ బీరూ అంటే ఇష్టం. అయినా ఇరవై ఏళ్లకే చాంపియన్ అయి మొత్తం ఆరు టైటిళ్లు, యాభై గ్రాండ్ ప్రీ విజయాలు సాధించాడు. డబ్బు విషయంలో మాత్రం ఆ కాలం ఉదారమైనదేమీ కాదు. బహుమతుల కంటే, బరిలో దిగినందుకు నిర్వాహకులు ఇచ్చే సొమ్మే రైడర్లకు ముఖ్యమైన ఆదాయం. అందుకని వారం వారం ఒక్కో దేశానికి వ్యాన్లలో బండి వేసుకుని తిరిగేవాళ్లు, చాలాసార్లు పడకా అందులోనే. ఆ స్వేచ్ఛను కీర్తించే జ్ఞాపకాలు నడుం నొప్పిని చప్పున మరిచిపోతాయి.

1966లో హస్క్‌వర్నా దిగుమతిదారు ఎడిసన్ డై, హాల్‌మన్‌ను అమెరికా రప్పించాడు. కాలిఫోర్నియాలో తనకంటే పెద్ద ఇంజన్లున్న స్థానికుల్ని అతను ఎంత తేలిగ్గా దాటేశాడంటే, అమెరికన్లకు ఇది తమకు తెలిసిన ఆట కాదని అర్థమైంది. డై ఆ తర్వాత యూరప్ రైడర్లతో ‘ఇంటర్-ఏఎం’ పోటీలు నడిపాడు. 1971లో బ్రూస్ బ్రౌన్ డాక్యుమెంటరీ ‘ఆన్ ఎనీ సండే’, అందులో కనిపించిన స్టీవ్ మెక్వీన్ కలిసి అమెరికా కుర్రకారుకు మట్టి బండ్ల పిచ్చి పట్టించారు. హాల్‌మన్ స్థాపించిన రేసింగ్ దుస్తుల సంస్థే నేటి థోర్.

అదే సమయంలో జపాన్ ప్రవేశించింది. 1965లో కుబో, కొజిమా అనే రైడర్లతో యూరప్ వచ్చిన సుజుకీకి గట్టి ఎదురుదెబ్బే తగిలింది. వాళ్లు వెనక్కి పోయి, స్వీడన్‌కు చెందిన ఒలె పెటర్సన్‌ను పరీక్షకుడిగా పెట్టుకుని బండిని మొదటి నుంచి మళ్లీ చేశారు. 1970లో రోబేర్‌ను చేర్చుకుని 250 టైటిల్ పట్టేశారు. మరుసటి ఏడాది రోజర్ డి కోస్టర్ 500 టైటిల్ తెచ్చాడు. ఆ బండ్లు ఎంత తేలికయ్యాయంటే, అంతర్జాతీయ సమాఖ్య కనీస బరువు నిబంధన పెట్టాల్సి వచ్చింది. డి కోస్టర్ మొత్తం ఐదు సార్లు గెలిచాడు. అతని అసలు ప్రత్యర్థి ఫిన్లండ్‌వాడు హెయికి మిక్కొలా. 500, 250 రెండు తరగతుల్లోనూ ప్రపంచ చాంపియన్ అయిన తొలి రైడర్ మిక్కొలాయే.

నేల పెత్తనాన్ని అసలు దెబ్బకొట్టింది బెల్జియం ఇంజనీరు లూసియెన్ టిల్‌కెన్స్ ఆలోచన. వెనక రెండు షాక్ అబ్జార్బర్లకు బదులు ఒక్కటే, ట్యాంకు కింద పొడవుగా పెట్టాడు. యమహా దాన్ని తీసుకుంది. 1973లో ఆ బండి మీద హాకన్ ఆండర్సన్ 250 చాంపియన్ కాగానే మిగతా సంస్థలన్నీ చక్రం కదిలే మేరను పెంచే పరుగులో పడ్డాయి. కొన్నేళ్లలోనే నాలుగు అంగుళాలు పది దాటాయి. సహజమైన గుంతలు బండికి లెక్కలేనివయ్యాయి. దాంతో నిర్వాహకులు మట్టి పోసి కృత్రిమ దిబ్బలు కట్టడం మొదలుపెట్టారు. 1972లోనే లాస్ ఏంజెలెస్ కొలీసియంలో మైక్ గుడ్‌విన్ స్టేడియం లోపల ట్రాక్ కట్టించి పోటీ పెట్టాడు, గెలిచింది పదహారేళ్ల మార్టీ ట్రైప్స్. సూపర్‌క్రాస్ అక్కడ పుట్టింది. 1981లో అమెరికా జట్టు దేశాల పోటీ గెలిచింది, ఆ ఏటితో కలిపి వరసగా పదమూడేళ్లు దాన్ని ఎవరికీ వదల్లేదు. ఆ తొలి విజయానికి జట్టు మేనేజరు డి కోస్టరే.

పాత బండ్లు మ్యూజియాలకు పరిమితం కాలేదు. బ్రిటన్‌లో ‘ప్రీ-65’ పేరుతో 1965కు ముందటి నమూనాలకు ప్రత్యేక పోటీలు నడుస్తున్నాయి, మెటిస్ చట్రాలను కొత్తగానూ తయారు చేస్తున్నారు. అమెరికాలో పాత మోటార్‌సైకిళ్ల పోటీలు నిర్వహించే అహ్ర్మా సంస్థ, వింటేజ్ మోటోక్రాస్ తరగతుల్లో బండి వయసుతో పాటు సస్పెన్షన్‌కూ హద్దు గీసింది: ముందు చక్రం కదలిక ఏడు అంగుళాలు, వెనకది నాలుగు అంగుళాలు మించకూడదు.