ఈస్ట్ విషప్రోటీన్ తయారీ, స్రావం: ఒక పరిశోధన చరిత్ర

వ్యాససంగ్రహం: శాకరోమైసిస్ సెరెవిసియే అనే ఈస్ట్‌లో కొన్ని రకాలు తోటి ఈస్ట్ కణాలను చంపే విషప్రోటీన్‌ను స్రవిస్తాయి. ఈ విషం కణంలో ఏ రూపంలో పుట్టి, ఏ మార్పులకు లోనై బయటికి వస్తుందన్న ప్రశ్నపై 1963 నుంచి 1990 వరకు జరిగిన ప్రధాన పరిశోధనలను ఈ వ్యాసం కాలక్రమంలో పరిశీలిస్తుంది. ఈస్ట్ విషం కోసం గుర్తించిన ఒక జన్యువు, మానవదేహంలో హార్మోన్లు తయారయ్యే విధానాన్ని తెలుసుకోవడానికి ఎలా ఆధారమైందో వివరించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: ఈస్ట్, విషప్రోటీన్, స్రావమార్గం, కెక్స్2, ప్రోఇన్సులిన్, ఫ్యూరిన్.

1. ఉపోద్ఘాతం

కల్లు పులియడానికీ, రొట్టె పొంగడానికీ కారణమైన ఈస్ట్ మనిషికి వేల ఏళ్లుగా తోడున్న జీవి. అందులోనూ హంతక రకాలు ఉన్నాయన్న సంగతి ఇరవయ్యో శతాబ్ది ద్వితీయార్ధంలో గాని తెలియలేదు. విషాన్ని తయారుచేసే కణం రెండు చిక్కులను దాటాలి. తాను తయారుచేసిన విషానికి తానే బలి కాకూడదు. ఆ విషాన్ని తన పొర దాటించి బయటికి చేర్చాలి. ఈ రెండు చిక్కులకూ సమాధానం ఒకే చోట, అంటే ప్రోటీన్‌ను కోసే క్రియలో దొరకడం ఈ చరిత్రలోని విశేషం.

2. హంతక లక్షణం: గుర్తింపు, ఆనువంశికత

1963లో హేగ్ నగరంలో జరిగిన అంతర్జాతీయ జన్యుశాస్త్ర మహాసభకు మాకోవర్, బెవాన్ అనే పరిశోధకులు ఈ లక్షణాన్ని నివేదించారు. ఈస్ట్ రకాలలో కొన్ని చంపేవి, కొన్ని చచ్చేవి, కొన్ని ఈ రెండూ కాని తటస్థమైనవి అని తేలింది. 1968లో వుడ్స్, బెవాన్ ఆ హంతక పదార్థాన్ని పరిశీలించి, అది ప్రోటీన్ స్వభావం గలదనీ, పీహెచ్ 4.7 పరిసరాల్లోని ఆమ్లద్రవంలోనే బాగా పనిచేస్తుందనీ చూపారు.

ఈ లక్షణం సంతతికి చేరే తీరు మెండెల్ సూత్రాలకు ఒదగలేదు. దాని మూలం కేంద్రకంలో గాక కణద్రవ్యంలో ఉన్నట్లు కనిపించింది. 1970వ దశకంలో ఆ మూలం రెండుపోగుల ఆర్‌ఎన్‌ఏ అనీ, అది వైరస్ వంటి రేణువులలో ఉంటుందనీ రుజువైంది. ఈ వైరస్ కణం వెలుపలి నుంచి సోకదు. కణవిభజన, కణసంయోగాల ద్వారానే సంక్రమిస్తుంది. అంటే విషానికి సూత్రం వైరస్‌ది, దానిని తయారుచేసే కార్యశాల మాత్రం ఈస్ట్ కణానిది.

3. కెక్స్ జన్యువులు

ఆ కార్యశాలలోని పనిముట్లను వెదికినవారిలో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థకు చెందిన రీడ్ విక్నర్ ముఖ్యుడు. ఆయన కొన్ని విచిత్రమైన ఉత్పరివర్తనాలను గుర్తించాడు. వాటిలో వైరస్ ఉంది, విషం నుంచి రక్షణ ఉంది, కాని చంపే శక్తి లేదు. ఇందుకు కారణమైన రెండు కేంద్రక జన్యువులకు ‘కిల్లర్ ఎక్స్‌ప్రెషన్’ అన్న మాటల నుంచి కెక్స్1, కెక్స్2 అనే పేర్లు వచ్చాయి.

1976లో లీబోవిట్జ్, విక్నర్ మరో సంగతి ప్రకటించారు. ఈస్ట్‌లో ఆల్ఫా, ఏ అనే రెండు సంయోగరకాలున్నాయి. కెక్స్2 లోపించిన ఆల్ఫా కణాలు సంయోగంలోనూ విఫలమవుతున్నాయి. చంపడానికీ, జతకట్టడానికీ ఒకే జన్యువు ఎందుకు అవసరమైంది? ఈ ప్రశ్నకు సమాధానం దొరకడానికి దాదాపు ఎనిమిదేళ్లు పట్టింది.

4. విషం నడిచే దారి

1984లో విషజన్యువు వరుస వెల్లడైంది. కె1 అనే ఈ విషం మొదట 316 అమైనో ఆమ్లాల పొడవైన గొలుసుగా పుడుతుంది. మొదటి భాగం గొలుసును అంతర్జీవద్రవ్యజాలంలోకి నడిపించే సంకేతం. దాని వెనుక వరుసగా ఆల్ఫా, గామా, బీటా భాగాలుంటాయి. అంతర్జీవద్రవ్యజాలంలో గామా భాగానికి చక్కెర అణువులు చేరతాయి. ఆల్ఫా, బీటా భాగాలు గంధకబంధాలతో ముడిపడతాయి. ఆ తరువాత నడుమనున్న గామా భాగం తొలగిపోగా, మిగిలిన రెండు భాగాల జంటయే విషంగా బయటికి వస్తుంది.

ఈ కోత ఎక్కడ జరుగుతుందో తెలుసుకోవడానికి ర్యాండీ షెక్‌మన్ బృందం రూపొందించిన సెక్ ఉత్పరివర్తనాలు తోడ్పడ్డాయి. ఉష్ణోగ్రత పెంచితే వీటిలో స్రావమార్గం ఒక్కొక్క మజిలీలో ఆగిపోతుంది. 1983లో హోవర్డ్ బస్సీ బృందం వీటిని విషంపై ప్రయోగించింది. ప్రోటీన్ గాల్జీ సంక్లిష్టాన్ని చేరకముందే ఆగిపోయే సెక్18 కణాలలో విషపూర్వరూపం కోతపడకుండా నిలిచిపోయింది. స్రావకోశాలు పొరను చేరినా కలిసిపోలేని సెక్1 కణాలలో మాత్రం కోతపడిన విషం కణం లోపలే కనిపించింది. కనుక కోత అంతర్జీవద్రవ్యజాలం దాటిన తరువాత, కణం విడువకముందు జరుగుతుంది.

విక్నర్ ఉత్పరివర్తనాలలోని వైచిత్రి దీనితో అర్థవంతమైంది. కోత జరగకపోయినా ఆ కణాలకు రక్షణ ఉన్నదంటే, ఆ రక్షణ కోతపడని పూర్వరూపం నుంచే వస్తున్నదని అర్థం. గొలుసు అఖండంగా ఉన్నంతవరకు కవచం, ఖండితమైతే ఆయుధం.

5. ఈస్ట్ నుంచి మానవదేహానికి

ఇదే కాలంలో వైద్యశాస్త్రం మరొక కోత రహస్యం కోసం వెదుకుతున్నది. ఇన్సులిన్ నేరుగా పుట్టదనీ, ప్రోఇన్సులిన్ అనే పొడవైన గొలుసు నుంచి నడుమ భాగం తొలగిపోగా ఏర్పడుతుందనీ చికాగోలో డోనాల్డ్ స్టైనర్ 1967లో చూపాడు. లైసిన్, ఆర్జినిన్ అనే రెండు క్షార అమైనో ఆమ్లాలు జంటగా వచ్చే చోట ఆ కోత పడుతుంది. కాని కోసే ఎంజైమ్ ఏదో ఇరవై ఏళ్లకు పైగా నిర్ధారణ కాలేదు.

1984లో బెర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ జూలియస్, జెరెమీ థోర్నర్ తదితరులు కెక్స్2 జన్యువును వేరుచేశారు. అది లైసిన్, ఆర్జినిన్ జంట తరువాత గొలుసును కోసే ఎంజైమ్‌కు సంబంధించినదని గుర్తించారు. ఈస్ట్ సంయోగానికి అవసరమైన ఆల్ఫా కారకం కూడా పొడవైన పూర్వరూపంగా పుట్టి అదే ఎంజైమ్ చేత కోతపడుతుంది. 1976 నాటి ప్రశ్నకు సమాధానం ఇదే. 1987లో కెక్స్1 స్వరూపం కూడా తెలిసింది. కోత తరువాత కొసన మిగిలిన లైసిన్, ఆర్జినిన్‌లను తొలగించడం దాని పని.

1988లో ఈస్ట్ కెక్స్2 ఎంజైమ్‌ను క్షీరద కణాలలో ప్రవేశపెట్టగా, అది అక్కడి హార్మోన్ పూర్వరూపాన్ని సరైన చోట్ల కోసింది. ఆ మరుసటి ఏడాది కెక్స్2కూ, అప్పటికే పేరున్నా పని తెలియని ఒక మానవ జన్యువుకూ పోలిక గుర్తింపుకు వచ్చింది. దాని ఎంజైమ్‌నే నేడు ఫ్యూరిన్ అంటున్నాం. 1990లో అదే కుటుంబానికి చెందిన పీసీ2, పీసీ1 అనే ఎంజైమ్‌లు బయటపడ్డాయి. ప్రోఇన్సులిన్‌ను కోసేవి ఇవే.

6. ముగింపు

పై పరిశీలన వల్ల ఈ అంశాలు స్పష్టమవుతున్నాయి.

1. ఈస్ట్ విషం వైరస్ సూత్రంతో పుట్టినా, దాని పరిపక్వత, స్రావం పూర్తిగా ఆతిథేయ కణపు సాధనాలపై ఆధారపడతాయి.

2. ఆత్మరక్షణ, హంతకశక్తి రెండూ ఒకే గొలుసులో ఉన్నాయి. వాటిని వేరుచేసేది ఎంజైమ్ కోత.

3. మధుమేహానికి సంబంధించిన ఒక మౌలికప్రశ్నకు సమాధానం క్లోమగ్రంథి పరిశోధన నుంచి మాత్రమే రాలేదు. ఈస్ట్ కణాల పరస్పర వైరాన్ని పరిశీలించినవారు అందుకు దారి చూపారు.

2020లో కరోనా వైరస్ ముల్లుప్రోటీన్‌పై ఫ్యూరిన్ కోతస్థానం చర్చకు వచ్చినప్పుడు ఆ ఎంజైమ్ పేరు సామాన్య పాఠకులకూ చేరింది. ఆ పేరు వెనుక ఈస్ట్ విషం చరిత్ర ఉంది. తక్షణ ప్రయోజనం కనిపించని పరిశోధన వ్యర్థమన్న తొందరపాటు నిర్ణయానికి ఈ చరిత్ర ఒక సమాధానం.