షాలిమార్ తోటలో తెలుగు మాటలు

కలకత్తా చూడబోయే మనవారికి ఒక పట్టిక సిద్ధంగా ఉంటుంది. కాళీఘట్టము, దక్షిణేశ్వరము, బేలూరు మఠము, విక్టోరియా స్మారక మందిరము, వస్తు ప్రదర్శనశాల. రెండు దినాలలో ఈ పట్టిక ముగుస్తుంది. మూడవనాడు బజారు, నాలుగవనాడు తిరుగు ప్రయాణము. ఈ యాత్రికులలో అనేకులు ఇప్పుడు దిగేది హౌరాలో కాదు, దానికి దక్షిణంగా హుగ్లీ ఒడ్డుననే ఉన్న షాలిమార్‌లో. ఒకప్పుడు ప్రధానంగా సరకుల బండ్లు ఆగే చోటు అది. 1977లో హౌరా నుండి నడువనారంభించిన కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ తరువాతి కాలంలో షాలిమార్‌కు మారినది. 2023 జూన్ 2వ తేదీన బాలాసోర్ వద్ద ఘోర ప్రమాదానికి లోనైనప్పుడు ఆ బండి ఇచ్చటి నుండియే బయలుదేరి వచ్చినది. బండి దిగినవారు సామాను సర్దుకొని, 1992లో తెరచిన విద్యాసాగర్ వంతెన మీదుగా నగరంలోకి వెళ్లిపోతారు. నేనును రెండు పర్యాయములు అట్లే వెళ్లినాను. స్టేషనుకు కొద్ది మైళ్ల దూరంలో, నది దిగువన, శిబ్‌పూర్ వృక్షశాస్త్రోద్యానము ఉన్నదని తెలియక కాదు. అందులో మనకు సంబంధించినది ఏమున్నదిలే అనుకొన్నందువలన.

ఉన్నది. అది చెప్పుటకే ఈ వ్యాసము.

షాలిమార్ అనగానే మనకు కాశ్మీరంలో జహంగీరు వేయించిన తోటయో, లాహోరులో షాజహాను వేయించిన తోటయో స్ఫురిస్తుంది. హౌరా షాలిమార్‌కు ఆ రాజసము లేదు. రేవులు, గిడ్డంగులు, రైలు పట్టాలు, రంగుల కర్మాగారము, ఇదే దాని చరిత్ర. 1902లో ఇక్కడ పుట్టిన రంగుల కంపెనీ ఈ పేరును దేశమంతటా గోడలమీదికి ఎక్కించినది. అయితే తోట అనే మాట ఈ నేలకు బొత్తిగా పరాయిది కాదు. ఈస్టిండియా కంపెనీ సైనిక శాఖలో ఉద్యోగియైన రాబర్ట్ కిడ్ అనే లెఫ్టినెంట్ కర్నలు షాలిమార్‌లో సొంత తోట వేసుకొని నివసించినాడు. 1786లో అతడు కంపెనీవారికి ఒక విన్నపము పంపినాడు. 1770 నాటి వంగదేశపు క్షామము అప్పటికింకా జనులు మరచినది కాదు. వరి పండనినాడు జనులకు ఆధారము కాగల సాగో, ఖర్జూరము వంటి చెట్లను తెచ్చి పెంచి దేశమంతటా పంచవలెనని ఆ విన్నపముయొక్క సారాంశము. 1787లో అనుమతి లభించినది. అదే ఈ ఉద్యానమునకు ఆరంభము. కంపెనీ ఒప్పుకొన్నది కరుణచేతనేనని నేననను. ఓడలకు టేకు, వ్యాపారమునకు సుగంధ ద్రవ్యములు లభింపగలవన్న ఆశ కూడ అందులో కలిసియున్నది. కిడ్ 1793లో మరణించినాడు. తన తోటలోనే మతకర్మలేవీ లేకుండ పూడ్చిపెట్టవలెనని అతడు కోరుకొన్నాడట. కాని అతనిని పార్క్ వీధి శ్మశానమునకు కొనిపోయినారు. ఉద్యానంలో అతని పేర ఒక పాలరాతి కలశము మాత్రము నిలిచి ఉన్నది.

ఇక్కడికి వచ్చే కొద్దిమంది యాత్రికులును చూచునది మహావటవృక్షమును. చూడదగినదే. 1864, 1867 సంవత్సరముల తుఫానులలో దెబ్బతిని, బూజు పట్టగా, 1925లో దాని మూలకాండమును తొలగించివేసినారు. నేడది మొదలు లేని చెట్టు. మూడువేల ఆరువందలకు మించిన ఊడలమీద అడవివలె వ్యాపించి బ్రతుకుచున్నది. 2020 నాటి అంఫాన్ తుఫానులో కొన్ని ఊడలు పోయినవి. మన కదిరి ప్రాంతపు తిమ్మమ్మ మర్రిమానును చూచినవారికి ఇది మరీ అబ్బురముగా తోచకపోవచ్చును. నన్నాకర్షించినది ఈ చెట్టు కాదు, దానికి సమీపమున మిట్టమీదనున్న విలియం రాక్స్‌బరో స్మారకము.

రాక్స్‌బరో స్కాట్లండువాడు, వైద్యుడు. 1776లో మద్రాసు వైద్యసేవలో చేరి, 1781 నుండి సామర్లకోటలో ఉన్నాడు. కుమారారామ భీమేశ్వరుని సన్నిధియైన ఆ ఊరిలో ఆ రోజులలో కంపెనీ సైనిక స్థావరముండెడిది. రోగులను చూడగా మిగిలిన వేళలో అతడు తోట వేసినాడు. మిరియాలు, చెరకు, నీలిమందు పెంచి చూచినాడు. రోజురోజు గాలివానల లెక్కలు వ్రాసిపెట్టినాడు. 1787లో కోరంగి తీరమును ముంచిన ఉప్పెన అతని పుస్తకములను, సేకరించిన మొక్కలను తుడిచిపెట్టుకొనిపోయినది. అతడు మరల మొదలుపెట్టినాడు. స్థానిక చిత్రకారులను నియమించి మొక్కమొక్కకు బొమ్మ వ్రాయించసాగినాడు. 1790 నాటికి ఆ బొమ్మలు ఏడు వందలైనవి. ఇంతలో 1789 మొదలు 1792 వరకు ఉత్తర సర్కారులను దారుణమైన క్షామము పట్టుకొన్నది. శాస్త్రజ్ఞుడు కండ్లార చూచిన క్షామమది. అతని గ్రంథంలో చిట్టీత అనే పొట్టి ఈతచెట్టును గూర్చిన వర్ణనము చదివినప్పుడు ఆ సంగతి బోధపడుతుంది. ఆకులు తీసివేస్తే దాని చిన్న మొదలులో పిండివంటి పదార్థముంటుంది. కరవులో జనులు దానిని తిని ప్రాణము నిలుపుకొనేవారు. ఫీనిక్స్ ఫారినిఫెరా అని అతడు దానికి పేరు పెట్టినాడు. ఫారినా అంటే లాటిన్‌లో పిండి. కిడ్ ద్వీపాంతరముల నుండి సాగో తెప్పించవలెననుకొన్నాడు. సామర్లకోట పొలిమేరలలోనే ఆ పని చేసే చెట్టు ఉన్నదని, దాని సంగతి పల్లెవారికి ముందే తెలుసునని రాక్స్‌బరో వ్రాసిపెట్టినాడు.

కిడ్ మరణించిన ఏడే, అనగా 1793లో, రాక్స్‌బరో సామర్లకోట విడిచి ఈ ఉద్యానానికి అధిపతిగా వచ్చినాడు. ఇరువది ఏండ్లు ఇచ్చటనే పనిచేసి, 1813లో వెళ్లిపోయి, 1815లో ఎడింబరోలో కన్నుమూసినాడు. అతడు ఇక్కడికి వచ్చునప్పుడు వెంట తెచ్చినది గోదావరి మొక్కల జ్ఞానమును, ఆ మొక్కల తెలుగు పేర్లును.

కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చిన అతని మహాగ్రంథము 1795 నుండి మూడు సంపుటములుగా లండనులో వెలువడినది. అందులో మూడువందల చిత్రములున్నవి. రైలుబండికిని ఈ పుస్తకమునకును పేరు ఒకటే కావడము కేవలము కాకతాళీయము. కాని ఆ బండి సామర్లకోట మీదుగా వచ్చి ఈ తోట ముంగిటనే ఆగుతున్నదని తలచుకొన్నప్పుడల్లా నాకు నవ్వు వస్తుంది. అతని రెండవ గ్రంథము, భారతదేశపు మొక్కలన్నిటి వర్ణనము, అతడు పోయిన తరువాత మిత్రుడు విలియం కేరీ చేతులమీదుగా 1832లో శ్రీరామపురమున సమగ్రముగా అచ్చయినది. దానిని తెరచి చూచిన తెలుగువానికి ఆశ్చర్యము కలుగకపోదు. సంస్కృత నామము, వంగ నామము, వాటి ప్రక్కనే 'తెలింగ' నామము. మన ఏనుగుల వీరాస్వామయ్యగారు కాశీయాత్ర నుండి మరలివచ్చుచు కలకత్తాలో విడిసినది 1831లో. ఆయన ఆ నగరమున నున్న కాలమునకు ఏడాదికి అటు, ఆ నదికే ఎగువన, మారుమూల తెలుగు పల్లెల చెట్ల పేర్లు సీసపు అచ్చులకెక్కినవి. ఆయనకీ సంగతి తెలిసియుండదు.

పేర్లు ప్రక్కన నిలిచిపోవుటయే కాదు, కొన్ని లాటిన్‌లోనికే చొరబడినవి. మన్యపు వైద్యులు జ్వరానికి వాడే సోమిద బెరడును రాక్స్‌బరో సింకోనాకు మారుగా పనికివచ్చునని నమ్మి, 1793లో దానిని గూర్చి ప్రత్యేకముగా ఒక చిన్న గ్రంథము ప్రకటించినాడు. అతడు దానిని మహాగని జాతిలో చేర్చినాడు. అది వేరు జాతియని గుర్తించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆడ్రియన్ ద జుస్సియూ 1830లో ఆ జాతికి సోమిద అనే నామకరణము చేసినాడు. నేడు ప్రపంచంలో ఏ మూల ఏ వృక్షశాస్త్రజ్ఞుడైనను ఆ చెట్టును తెలుగు పేరుతో పిలువక తప్పదు. సండ్ర చెట్టు సంగతియు అంతే, అకేషియా సుంద్ర. అనువాదకునిగా నాకిది వింతగా తోస్తుంది. మాటకు మాట వెదుకలేక మూలపదమునే ఉంచివేసినప్పుడు మనమేదో ఓడిపోయినట్లు బాధపడుతాము. ఇక్కడ అట్లు ఉంచివేయుటయే మాటను బ్రతికించినది.

ఈ మాటలు తిరిగి మన ఇంటికి వచ్చిన దారి ఇంకను చిత్రమైనది. 1852లో వెలువడిన బ్రౌను దొర నిఘంటువులో చెట్టుచేమల పేర్ల కడ తరచుగా రాక్స్‌బరో పేరు సంక్షిప్తాక్షరములలో కనిపిస్తుంది. సామర్లకోట చుట్టుప్రక్కల రైతులు, కోయలు పలికిన మాట ఒక స్కాట్లండు వైద్యుని చెవినబడి, అతని వెంట హుగ్లీ తీరము చేరి, శ్రీరామపురమున అచ్చుపడి, మద్రాసు చేరి, మన నిఘంటువులో నిలిచినది. పల్లెలలో ఇప్పుడు వినబడని చెట్ల పేర్లు కొన్ని నేను మొదట చూచినది అక్కడనే. మన పండితులు అమరకోశపు వనౌషధివర్గమును కంఠస్థము చేసినారు. కాని ఇంటివెనుక చెట్టు పేరును వ్రాసి ఉంచుట తమ పనియని ఎక్కువమంది తలపలేదు. ఈ మాట నిష్ఠురమైనను అనక తప్పదు.

అయితే రాక్స్‌బరో దొరను ఆకాశానికెత్తుటకు నాకు మనసొప్పదు. రెండువేల అయిదువందలకు పైబడిన అతని వర్ణచిత్రముల సంపుటి ఈ ఉద్యానపు గ్రంథాలయమున ఒకటి, లండను సమీపమున క్యూ ఉద్యానమున ఒకటి ఉన్నవి. ఆకు ఈనె, పూవు రేకు, గింజ లోపలి పప్పు వరకు విడదీసి చూపిన ఆ నైపుణ్యము అసామాన్యము. వాటిని వ్రాసిన చేతులు ఎవరివి? లండను గ్రంథపు చిత్రముల క్రింద చిత్రకారుని పేరు లేదు. కలంకారీ అద్దకమువారి ఇండ్లలోని వారో, పటములు వ్రాసే వంశములవారో, ఊహించుటయే గాని చెప్పలేము. చెట్టు పేరు నిలిచినది, చెట్టును చిత్రించినవాని పేరు నిలువలేదు. అచ్చులో చిరివేరు మొక్కను చూచినప్పుడు ఈ వెలితి మరింత బాధించినది. మచిలీబందరు వస్త్రములకు ఎరుపు ఇచ్చిన వేరది. ఆ బొమ్మ వ్రాసినవానికి ఆ ఎరుపు పుట్టుకతోనే తెలిసియుండును.

ఉద్యానము ప్రక్కనే ఉన్న సాంకేతిక విద్యాసంస్థ ఆవరణను కూడ చూడవలెను. ఆ నేల మొదట తోటలోనిదే. అక్కడ టేకు పెంచవలెనని చూచినారు. రాజమహేంద్రవరమునకు ఎగువ గోదావరి కొండలలో ఎదిగినట్లు ఈ బంకమట్టిలో అది ఎదుగలేదు. 1820 ప్రాంతమున ఆ భాగమును బిషప్స్ కళాశాలకు ఇచ్చివేసినారు. ఆ కళాశాలలో చదివినవాడే వంగ మహాకవి మైకేల్ మధుసూదన దత్తు. ఇచ్చటి నుండి అతడు 1848లో మద్రాసు చేరినాడు. మరుసటి ఏడు మిత్రునికి వ్రాసిన లేఖలో తన దినచర్య తెలుపుచు, రోజూ మధ్యాహ్నము తెలుగును సంస్కృతమును చదువుచున్నానని పేర్కొన్నాడు. ఆ చదువు ఎంతవరకు సాగినదో, అతని కావ్యములలో దాని జాడ ఏమైనా ఉన్నదో, మన విమర్శకులు పరిశీలింపదగిన విషయము.

తోటకు ఒక పూట చాలదు. మర్రి వద్ద జనము గుమిగూడుతారు. అక్కడ ఎక్కువసేపు ఆగక నది ఒడ్డుకు నడువవలెను. రాక్స్‌బరో నివసించిన ఇల్లు ఆ ఒడ్డుననే ఉన్నది. ఆ కిటికీల ఎదుట హుగ్లీ విశాలముగా దక్షిణానికి తిరుగుతుంది. కోరంగి నుండి వచ్చే ఓడలు ఆ రోజులలో ఆ మలుపు దాటియే కలకత్తా చేరుకొనేవి.