ఖాళీ గడికి ఒక చుక్క

2022లో వర్డుల్ ఊపు మీదున్నప్పుడు మా ఆఫీసు కుర్రాళ్ళు పదం పట్టిచ్చే స్క్రిప్టులు పోటీపడి రాశారు. వాళ్ళకి నేను చెప్పిందొకటే: ఈ విద్య వయసులో మీకంటే పెద్దది, దీని పుట్టిల్లు అమెరికాలోని బెల్ ల్యాబ్స్.

అక్కడ లీ మెక్‌మాన్ ఫెడరలిస్ట్ వ్యాసాల్లో ఏది ఎవరు రాశారో తేల్చే పనిలో పడ్డాడు. అంత పెద్ద ఫైళ్ళు ఎడిటర్లో పట్టలేదు. అందులోని వెతికే భాగాన్ని విడదీసి ఇమ్మని డగ్ మెకిల్‌రాయ్ అడిగితే, కెన్ థాంప్సన్ మర్నాటికల్లా గ్రెప్ అనే పనిముట్టు చేతికిచ్చాడు. 1973 నాటి యూనిక్స్ నాలుగో కూర్పు మాన్యువల్లో దానికి పేజీ ఉంది.

గ్రెప్‌కి చుక్క అంటే ఏదో ఒక అక్షరం. గళ్ళ నుడికట్టులో ఖాళీ గడీ అంతేగా! 'ఎస్', రెండు చుక్కలు, 'ఆర్', 'టి'. మాట అంతవరకే అని చెప్పడానికి ముందు టోపీ గుర్తు, చివర డాలరు గుర్తు. ఎంటర్ కొడితే షార్ట్, స్కర్ట్, స్మార్ట్, స్నార్ట్, స్పోర్ట్, స్టార్ట్ లాంటివి వరసగా దిగుతాయి.

అవి దిగాలంటే ముందు మాటలుండాలి కదా. 1934 నాటి వెబ్‌స్టర్ నిఘంటువు రెండో కూర్పులోంచి 2,34,936 మాటలు ఒక ఫైలుకెక్కాయి. పేరు వెబ్2. అచ్చులన్నీ వరసలో వచ్చే మాటలేవో కెర్నిఘన్, పైక్ 1984 నాటి తమ యూనిక్స్ పుస్తకంలో దాన్నే జల్లెడ పట్టి చూపించారు. గ్రెప్ కంటే నాకు ఈ ఫైలంటేనే ఎక్కువ గౌరవం. పేరు తెలియని ఎవరి ఓపికో అందులో ఉంది.

తెలుగుకొచ్చేసరికి ఆ చుక్క సరిపోదు. 'అమ్మ' మనకి రెండు గళ్ళు. యూనికోడ్‌లో అ, మ, పొల్లు, మళ్ళీ మ: చుక్కలు నాలుగు కావాలి. మన ఒత్తక్షరాన్ని విడగొట్టకుండా ఒక్కటిగా లెక్కపెట్టే నియమం 2023లో, 15.1 కూర్పులో గానీ రాలేదు. చాలా ఆలస్యమనే అంటాను.

అందుకే నా స్క్రిప్టు ముందుగా జాబితాలో అక్షరానికీ అక్షరానికీ మధ్య ఏటవాలు గీత పెడుతుంది. ఖాళీ గడికి చుక్క బదులు 'గీత తగిలేదాకా ఏమున్నా సరే' అని రాస్తాను. రెండో గడిలో 'మ్మ' ఇచ్చి వదిలితే అమ్మ, కొమ్మ, చెమ్మ, తుమ్మ, బొమ్మ, రెమ్మ అన్నీ వచ్చేస్తాయి.