టేపు నుంచి టైమ్‌లైన్ దాకా: క్యామ్‌కార్డర్ దృశ్యాల రూపాంతర చరిత్ర

కెమెరాను, రికార్డరును ఒకే పరికరంలో ఇమిడ్చిన క్యామ్‌కార్డర్ 1983లో సోనీ బీటామూవీ రూపంలో సామాన్య వినియోగదారులకు అందింది. తీసిన దృశ్యాన్ని కూర్పుకు, అంటే ఎడిటింగుకు, అనువుగా మార్చుకోవలసిన అవసరం కూడా దానితోపాటే వచ్చింది. తక్కువ చోటులో ఎక్కువ నిడివిని పట్టించడం కెమెరాకు ముఖ్యం కాగా, ఏ ఫ్రేమునైనా తక్షణం విడదీసి చూడగలగడం కూర్పరికి ముఖ్యం. ఈ రెండింటికీ ఏ కాలంలో ఎలా పొత్తు కుదిరిందో చెప్పేదే రూపాంతరీకరణ చరిత్ర.

1984లో వచ్చిన వీహెచ్ఎస్-సి, 1985లో వచ్చిన వీడియో-8 క్యామ్‌కార్డర్లు దృశ్యాన్ని అనలాగ్ సంకేతంగా, అంటే నిరంతరం హెచ్చుతగ్గులయ్యే విద్యుత్ తరంగంగా, అయస్కాంత టేపు మీద నిలిపేవి. ఒక వీసీఆర్‌లో టేపును ఆడిస్తూ, కావలసిన ముక్కలను మరొక వీసీఆర్‌లోకి ఎక్కించడమే ఆనాటి కూర్పు గనుక, ప్రతి నకలుతోనూ రంగులూ అంచులూ కొంత మసకబారేవి. తెలుగు ఊళ్లలో పెళ్లి క్యాసెట్ల విషయంలో ఈ పనికే ‘మిక్సింగ్’ అనే పేరు స్థిరపడింది. అనలాగ్ సంకేతాన్ని అంకెల్లోకి మార్చే క్యాప్చర్ కార్డు వచ్చాకనే ఆ దృశ్యాలు కంప్యూటర్లోకి చేరగలిగాయి.

1995లో వెలువడిన డీవీ విధానం ఈ స్థితిని మార్చింది. 6.35 మిల్లీమీటర్ల వెడల్పున్న టేపు మీద, ప్రతి ఫ్రేమునూ విడివిడిగా సుమారు అయిదో వంతుకు కుదించి, సెకనుకు 25 మెగాబిట్ల చొప్పున ఇది వీడియోను నమోదు చేసేది. ఫైర్‌వైర్ అనే తీగ ద్వారా ఆ అంకెలే యథాతథంగా కంప్యూటర్లోకి ప్రవహించేవి కాబట్టి, ఇక్కడ జరిగేది మార్పిడి కాదు, నష్టం లేని నకలు మాత్రమే. అయితే గంట టేపు ఎక్కడానికి గంట సమయం, సుమారు 13 గిగాబైట్ల చోటు పట్టేవి. ఒక ఫైలు 4 గిగాబైట్లకు మించరాదన్న ఫ్యాట్-32 డిస్కు పరిమితి వల్ల, ఇంచుమించు ఇరవై నిమిషాలకొక ముక్కగా దృశ్యాన్ని విడగొట్టవలసి వచ్చేది. 1999లో యాపిల్ విడుదల చేసిన ఐమూవీ, ఫైనల్ కట్ ప్రో ఈ సౌలభ్యం ఆధారంగానే ఇంటి బల్లల మీదికి కూర్పును తెచ్చాయి.

2003 నాటి హెచ్‌డీవీ, 2006 నాటి ఏవీసీహెచ్‌డీ విధానాలతో ఆ పొత్తు చెదిరింది. హై డెఫినిషన్ చిత్రాన్ని చిన్న పరిమాణంలో ఇమిడ్చేందుకు ఇవి కొన్ని ఫ్రేములను మాత్రమే పూర్తిగా భద్రపరచి, మిగిలిన వాటిలో ఇరుగుపొరుగు ఫ్రేములతో ఉన్న తేడాను మాత్రమే రాసుకునేవి. ఇలా ఒకదానిపై ఒకటి ఆధారపడిన ఫ్రేముల గుంపును ‘గాప్’ అంటారు. గుంపు నడుమ కత్తిరించాలంటే చుట్టూ ఉన్న ఫ్రేములన్నిటినీ ముందుగా విప్పి లెక్కగట్టాలి కాబట్టి, ఆనాటి కంప్యూటర్లు తడబడేవి. అందుకే ప్రతి ఫ్రేమునూ మళ్లీ స్వతంత్రంగా నిలిపే మధ్యంతర కోడెక్‌లు, అంటే కుదింపు పద్ధతులు, ప్రాచుర్యం పొందాయి: ఎవిడ్ సంస్థ డీఎన్ఎక్స్‌హెచ్‌డీ, 2007లో వచ్చిన యాపిల్ ప్రోరెస్ వాటిలో ముఖ్యమైనవి. తొలినాటి ఏవీసీహెచ్‌డీలో సెకనుకు 24 మెగాబిట్లకు మించని దృశ్యం, ప్రోరెస్ 422లో 25 ఫ్రేముల వేగం వద్ద సుమారు 122 మెగాబిట్లకు పెరిగేది. ఈ పెరుగుదల వల్ల చిత్రంలో కొత్త వివరమేదీ చేరదు. కంప్యూటరుకు శ్రమ తగ్గించడానికి డిస్కులో చెల్లించే మూల్యమది. బేసి, సరి గీతలను వేర్వేరు క్షణాల్లో పట్టే ఇంటర్‌లేస్ దృశ్యంలో ఆ గీతల వరుస మార్పిడిలో తారుమారైతే, కదిలే వస్తువులు ముందుకూ వెనక్కూ అదురుతున్నట్టు కనిపించేవి.

ప్రాసెసర్ల వేగం పెరిగాక ఈ మార్పిడిలో చాలా భాగం సాఫ్ట్‌వేర్ లోపలికే వెళ్లి, కూర్పరి కంటికి కనిపించకుండా పోయింది. పాత అనలాగ్ క్యాసెట్ల సంగతి అలా కాదు. జపాన్‌కు చెందిన ఫునాయ్ 2016లో వీసీఆర్ల తయారీని ఆపివేయడంతో, వాటిని ఆడించగల యంత్రాలు ఇక తరగడమే తప్ప పెరగడం లేదు. ఏవీసీహెచ్‌డీ ఫైలును ఎన్నిసార్లయినా తిరిగి మార్చుకోవచ్చు. క్యాసెట్టులోని దృశ్యానికి మాత్రం పనిచేసే యంత్రమూ, చెడిపోని టేపూ ఇంకా కలిసి ఉన్నంత కాలమే గడువు.