గుంటూరులో గ్రహణము విడిచిన మఱునాడు

గ్రహణము విడువగానే స్నానము చేసి, ఆకాశము సంగతి మఱచి, పొయ్యి రాజవేయుట మన ఇండ్లలో వాడుక. 1868 ఆగస్టు 18న గుంటూరులో జాన్సెన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞునికి మాత్రము అసలు పని గ్రహణము విడిచిన తరువాతనే ఆరంభమైనది.

సంపూర్ణ గ్రహణమున చంద్రబింబపు అంచున ఎఱ్ఱని జ్వాలలు కానవచ్చును. అవి సూర్యునివే యని 1860 గ్రహణపు ఛాయాచిత్రములు తేల్చినవి. కాని అవి ఏ పదార్థములు? పరిశీలించుటకు దొరకునది కొద్ది నిమిషములే. అదియు ఏండ్లకొకసారి, మబ్బు పట్టకున్నచో.

జాన్సెన్ వర్ణపటదర్శినితో చూడగా జ్వాలల కాంతి కొన్ని విడి గీతలుగా మాత్రమే కనిపించెను. వానిలో ఉదజని గీతలున్నవి. అనగా జ్వాలలు వెలుగుచున్న వాయురాశులు. ఆయనను ఆశ్చర్యపఱచినది ఆ గీతల ప్రకాశము. ఇంత కాంతిగల గీతలు గ్రహణము లేనప్పుడేల కనిపింపరాదు?

పగలు జ్వాలలను కప్పివేయునది మన గాలిలో చెదరిన సూర్యుని వెలుగు. దానిని అడ్డగించుటకు చంద్రుడు రావలసినదే యని సామాన్యముగా తలచెడివారు. అడ్డగింప నేల, పలుచన చేసిన చాలదా? ఒక బస్తా వడ్లు పెద్ద కళ్లములో పఱచినచో నేల కనిపించునంత పలుచనగును. అచ్చటనే రెండు మూడు తావుల కుప్పలుగా పోసిన కొద్ది వడ్లు దూరమునుండియే తెలియును. చెదరిన వెలుగులో అన్ని వర్ణములు నున్నవి గనుక పట్టకము దానిని పొడవున పఱచి వేయును. జ్వాలల కాంతియో, కొన్ని గీతలలోనే కుప్పపడి యుండును.

ఆ మధ్యాహ్నము మబ్బులు క్రమ్మినవి. మఱునాటి ఉదయము యంత్రపు సన్నని చీలికను సూర్యుని అంచు వెలుపలికి త్రిప్పగా గీతలు కనిపించినవి! చీలికను జరుపుచు జ్వాలల ఆకారములను గూడ గుర్తించెను. ఇట్లు పదునేడు దినములు గ్రహణము లేకయే జ్వాలలను చూచెను.

ఇంగ్లండులో లాక్యరుకు ఇదే ఊహ 1866లోనే తట్టినది. తగిన యంత్రము చేతికి వచ్చుసరికి 1868 అక్టోబరు. ఆ నెల 20న ఆయనయు జ్వాలల గీతలను చూచెను. జాన్సెన్ కాకినాడనుండి వ్రాసిన లేఖయు, లాక్యరు వార్తయు పారిస్ అకాడమీ ముందునకు ఒకే సమావేశమున వచ్చినవి.

హీలియమును జాన్సెన్ గుంటూరులో కనుగొనెనని తరగతులలో చెప్పుట కలదు. అది సరికాదు. మచిలీపట్టణమునుండి అదే గ్రహణమును చూచిన పోగ్సను ఒక పసుపు గీతను గుర్తించెను. అది సోడియము గీత కాదని తేల్చినవాడు లాక్యరు. ఆ వాయువు భూమిమీద రామ్సే చేతికి చిక్కినది 1895లో, యురేనియపు ఖనిజమునుండి.