మూత్రపిండ చిత్రపఠనం: కనిపించనిదాని అర్థం

రాంట్‌జెన్ 1895లో కనుగొన్న ఎక్స్‌ కిరణాలు ఎముకలను చూపాయి గాని మూత్రమార్గాన్ని స్పష్టంగా చూపలేకపోయాయి. 1906లో ఫోల్కర్, లిచ్టెన్‌బెర్గ్ మూత్రనాళం ద్వారా పైకి వెండి ద్రావణాన్ని ఎక్కించి ఆ లోటును కొంత తీర్చారు. సోడియం అయొడైడ్ ఇచ్చిన రోగుల మూత్రం ఎక్స్‌రేలో కనిపిస్తుందని 1923లో మేయో క్లినిక్ వైద్యులు ప్రకటించారు. 1929లో మోజెస్ స్విక్ బెర్లిన్‌లో యూరోసెలెక్టాన్‌ను ప్రయోగించడంతో, సిరలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించి తీసే చిత్రం వైద్యంలో స్థిరపడింది.

చిత్రం రాగానే దానిని చదవవలసిన అవసరం ఏర్పడింది. వైద్యులు ఉపమానాలను ఆశ్రయించారు. మూత్రనాళపు చివర ఉబ్బి మూత్రాశయంలోకి చొచ్చుకువస్తే అది 'పాముపడగ'. జంట నాళాలున్న మూత్రపిండంలో అడ్డంకి వల్ల పైభాగం ఉబ్బి కింది భాగాన్ని వంచితే అది 'వాలిన లిల్లీ'. మొదటిది సాదృశ్యం మాత్రమే. రెండవదానిలో మందు చేరని పైభాగం చిత్రంలో కనబడదు. వాలిన కింది భాగమే దానిని సూచిస్తుంది. ఆలంకారికుల పరిభాషలో ఇది వ్యంజనకు సన్నిహితం.

అయితే సూచనను నిర్ణయంగా భావించరాదు. మందు నిండవలసిన చోట ఖాళీ కనిపిస్తే అది రాయి కావచ్చు, రక్తపు గడ్డ కావచ్చు, కణితి కావచ్చు. మూత్రపిండం కనబడనంత మాత్రాన అది లేదని గాని, పూర్తిగా చెడిపోయిందని గాని చెప్పలేం. అడ్డంకి ఉంటే మందు గంటల తరువాత చేరవచ్చు. అందుకే ఆలస్యంగా మరికొన్ని చిత్రాలు తీసేవారు. నేడు సి.టి. ఆ స్థానాన్ని చాలావరకు ఆక్రమించినా ఈ పఠనసూత్రం మారలేదు.

బాన్సువాడ వంటి పట్టణాల్లో ఇటువంటి నివేదిక సాధారణంగా ఆంగ్లంలోనే రోగి చేతికి అందుతుంది. 'నిర్ణీత సమయంలో మందు కనిపించలేదు' అనవలసిన చోట 'కిడ్నీ పనిచేయడం లేదు' అని తెలుగులో చెబితే, సూచన తీర్పుగా మారుతుంది. వైద్య పరిభాషను తెలుగులోకి తెచ్చేవారు పదంతో పాటు అందులోని సందేహాన్ని కూడా తేవాలి.