మేలుకొలుపు నుంచి బడి బస్సు దాకా: తెలుగునాట పసిపిల్లల ఉదయచర్య

పసిపిల్లలను నిద్రలేపి వేళకు సిద్ధం చేయడం గురించి తెలుగులో వచ్చే రచనలలో రెండు కథలు తరచుగా వినబడతాయి. పూర్వం పిల్లలు బ్రాహ్మీముహూర్తాన తమంతట తామే లేచి, స్నానపానాలు ముగించుకొని, పెద్దల మాట జవదాటక చదువుకు కూర్చునేవారనీ, ఆ క్రమశిక్షణను మొదట ఇంగ్లీషు చదువు, తరువాత టెలివిజన్, ఇప్పుడు సెల్‌ఫోను పాడుచేశాయనీ మొదటి కథ చెబుతుంది. గడియారం లేని కాలంలో పిల్లలు పొద్దుతో పాటు హాయిగా మేల్కొనేవారనీ, దొరల బడిగంట వచ్చాకే ఉదయపు భయం మొదలైందనీ రెండవది అంటుంది. రెండూ వినడానికి ఇంపుగానే ఉన్నా, మనకు మిగిలిన ఆధారాలు ఈ రెండింటిలో దేనికీ పూర్తిగా లొంగవు.

ప్రాచీన దశను గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు గాని, ఒక్క అపోహను తొలగించడం అవసరం. బ్రాహ్మీముహూర్తమంటే సూర్యోదయానికి సుమారు 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాలు ఉండే కాలం. ఆ వేళ నిద్రలేవాలన్న నియమం వాగ్భటుని అష్టాంగహృదయంలో దినచర్యాధ్యాయపు ఆరంభంలో ఉన్నమాట నిజమే అయినా, అది ఆరోగ్యవంతుడైన మనిషిని ఉద్దేశించి చెప్పినది; శిశువుల పోషణను అదే గ్రంథం ఉత్తరస్థానం మొదటి అధ్యాయంలో వేరుగా వివరించింది. సుశ్రుతసంహిత శారీరస్థానం పదవ అధ్యాయం ఇంకా స్పష్టంగా మాట్లాడుతుంది: బిడ్డను ఒంటికి సుఖంగా ఉండేటట్లు ఎత్తుకోవాలనీ, బెదిరించకూడదనీ, జడుసుకుంటుంది గనుక ఉన్నట్టుండి నిద్రలేపకూడదనీ అక్కడి ఉపదేశం. శాస్త్రం పేరు చెప్పి నాలుగేళ్ల పిల్లవాడి దుప్పటి లాగేవారు ఈ చివరి మాటను చదివినట్లు కనబడదు.

మేలుకొలుపు పాటల సంప్రదాయం కూడా ఆ ఉపదేశానికి దగ్గరగానే నడిచింది. పదిహేనవ శతాబ్దిలో ప్రతివాది భయంకర అణ్ణన్ కూర్చిన శ్రీవేంకటేశ సుప్రభాతంలో మొదటి శ్లోకం వాల్మీకి బాలకాండలోనిది. అక్కడ విశ్వామిత్రుడు నిద్రలేపుతున్నది ఇంకా పదహారేళ్లు నిండని రాముణ్ణి, లేపే ముందు తలచుకొన్నది అతని తల్లిని. అన్నమయ్య, త్యాగరాజు రచించిన మేలుకొలుపులలో పిలిచేది దేవుణ్ణే అయినా, ఆ పిలుపులోని లాలన తల్లిది. మేలుకొలుపు స్వభావసిద్ధంగా నిడివిగలది. వెంటనే లేవమని శాసించకుండా, నిద్రపోతున్నవారికి చుట్టూ ఏమేమి జరుగుతున్నదో ఒక్కొక్కటే వినిపిస్తూ, మెలకువ తనంత తాను వచ్చే దాకా ఆగుతుంది. నిద్రకూ పూర్తి మెలకువకూ మధ్య ఉండే మత్తు దశకు కొంత వ్యవధి ఇవ్వాలని నేటి నిద్రాశాస్త్రం చెప్పే మాటకు ఇది చక్కగా సరిపోతుంది. అయితే ఇక్కడ ఒక హద్దు పాటించాలి. బిరుదురాజు రామరాజు వంటి పరిశోధకులు వెలుగులోకి తెచ్చిన స్త్రీల పాటలలో కూడా మేల్కొనేది చాలావరకు రాముడో కృష్ణుడో గనుక, ఈ పాటలు సమాజం మనసులోని ఆదర్శానికి సాక్ష్యాలే గాని, ప్రతి ఇంటా పిల్లలను ఇలాగే లేపారనడానికి సాక్ష్యాలు కావు. పశువులను తోలుకుపోవలసిన పిల్లవాణ్ణీ, నీళ్లు మోయవలసిన ఆడపిల్లనూ ఏ పాట లేపిందో చెప్పే ఆధారమేదీ ఈ పాటలలో లేదు.

అసలు వివాదం వీధిబడి దగ్గర మొదలవుతుంది. వీధిబడి అంటే ఊళ్లో ఒక పంతులు అరుగు మీదనో చావడిలోనో నడిపిన బడి. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822 జూన్‌లో దేశీయ విద్య స్థితిని విచారించమని ఆదేశించగా, జిల్లా కలెక్టర్లు పంపిన జవాబులలో బళ్లారి కలెక్టరు ఎ. డి. కాంప్‌బెల్ 1823లో పంపినది చాలా వివరమైనది. అప్పటి బళ్లారి జిల్లాలో 533 బడులుండగా, వాటిలో 226 తెలుగువి, 235 కన్నడవి. చరిత్ర పరిశోధకుడు ధర్మపాల్ 1983లో ఈ నివేదికలను గ్రంథరూపంలో ప్రకటించిన తరువాత, వాటిలోని బడుల సంఖ్యను మన పూర్వవైభవానికి రుజువుగా చూపడం పరిపాటి అయింది. ధర్మపాల్ పత్రాలను దాచకుండా పూర్తిగానే అచ్చువేశారు. ఆయన పుస్తకాన్ని ఉదాహరించేవారే సంఖ్యల దగ్గర ఆగిపోయి, అదే నివేదికలోని దినచర్య వర్ణనను దాటవేస్తున్నారు.

ఆ వర్ణన ప్రకారం బడి తెరిచే వేళ సాధారణంగా ఉదయం ఆరు. అందరికంటె ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో గౌరవసూచకంగా సరస్వతి పేరు రాసేవారు. రెండవవాడి చేతిలో సున్న చుట్టేవారు. వాడు మెప్పుకూ తగడు, నిందకూ తగడు అని దాని అర్థం. మూడవవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవాడికి రెండు, ఆ తరువాత వచ్చిన ప్రతివాడికీ ఒక్కొక్కటి చొప్పున ఎక్కువ. చదువు ప్రారంభమయ్యే వయసు ఐదేళ్లని కూడా ఆ నివేదికే చెబుతుంది. అంటే గోడగడియారమూ ఇనుప గంటా లేని బడిలోనే, ఐదేళ్ల పిల్లవాడు పొద్దున్నే తన వంతు ఎన్నవదో లెక్కపెట్టుకుంటూ పరుగెత్తవలసి వచ్చింది. ఉదయపు భయం దొరలు ఓడ మీద తెచ్చిన సరుకు కాదు.

ఈ సాక్ష్యాన్ని కూడా ఉన్నదానికంటె పెద్దది చేయరాదు. కాంప్‌బెల్ వర్ణించినది ఒక జిల్లా మాత్రమే. మూడవవాడికి పడే దెబ్బ మెల్లనిదేనని ఆయనే అన్నాడు. ఆయన ఈ బడులను ద్వేషించినవాడు కాడు, కొద్దిపాటి ఖర్చుతో అవి చదువు చెప్పే తీరును మెచ్చుకొన్నవాడు. ఆయన రాసిన ‘ఆరు గంటలు’ అన్నమాట బహుశా పొద్దుపొడుపుకు ఒక ఇంగ్లీషు అధికారి చేసుకున్న అనువాదం కావచ్చు. జిల్లా జనాభా 9,27,857 కాగా బడిపిల్లలు 6,641 మందే గనుక, ఈ నియమం తగిలినది వెయ్యి మందిలో ఏడుగురికి మాత్రమే, వారిలోనూ ఆడపిల్లలు దాదాపు లేనట్లే. ఇన్ని మినహాయింపుల తరువాత కూడా ఒక విషయం నిలుస్తుంది. ఈ పద్ధతిలో పిల్లవాడి ఘనత వాడు వేళకు రావడంలో లేదు, పక్కవాడు ఆలస్యం కావడంలో ఉంది. అందరూ వేళకు వచ్చినా చివరివాడికి దెబ్బలు తప్పవు. ఇటువంటి ఏర్పాటు పోటీని నేర్పుతుంది గాని అలవాటును నేర్పదు. పైగా ఐదేళ్లవాడు ఎప్పుడు లేచాడన్నది చాలావరకు వాడి ఇంటి పరిస్థితి గనుక, ఇంటి ఆలస్యానికి దెబ్బ పిల్లవాడి చేతి మీద పడింది.

అదే కాలపు ఇళ్లలో, బడికి వెలుపల, దీనికంటె మంచి పద్ధతి ఒకటి పేరు లేకుండా నడిచింది. దానికి సాక్ష్యం నివేదికలలో లేదు, భాషలో ఉంది. తొలికోడి, వేకువ, చద్దివేళ, అంబటివేళ, దీపాలవేళ అన్న మాటలు గంటల పేర్లు కావు, పనుల పేర్లు. చద్దన్నం తినే వేళ చద్దివేళ, అంబలి తాగే వేళ అంబటివేళ. ఒక పని తరువాత మరొకటి వచ్చే ఈ వరుస, గడియారం చూడడం రాని పసివాడికి కూడా అర్థమవుతుంది. పిల్లలకు గంటలు చెప్పకుండా వరుస చెప్పాలని, లేవడం, ముఖం కడగడం, తినడం, బట్టలు తొడగడం రోజూ ఒకే క్రమంలో జరగాలని నేటి శిశువిద్యా నిపుణులు చెబుతున్నది కొత్త సంగతేమీ కాదు. తెలుగు పల్లె తన కాలాన్ని కొలుచుకొన్న తీరే అది. ఈ మాటలు పట్టణాల వాడుకలో నుంచి జారిపోవడం భాషాభిమానులకు మాత్రమే సంబంధించిన నష్టం కాదు.

ప్రభుత్వ బడులూ మిషనరీ బడులూ వ్యాపించిన తరువాత జరిగిన మార్పును చరిత్రకారులు సాధారణంగా గడియారపు దాస్యంగా వర్ణిస్తారు. పెద్దల విషయంలో అది సరైనదే కావచ్చు. 1906 జనవరి 1 నుంచి అమలైన భారత ప్రామాణిక కాలం, మద్రాసు కాలం కంటె సుమారు తొమ్మిది నిమిషాలు ముందుకు జరిగినది, రైళ్లనూ కచేరీలనూ ఒక్క తాటి మీదికి తెచ్చింది. కాని పసిపిల్లల సంగతి వేరు. ఈ కొత్త బడులు చాలాచోట్ల కచేరీ వేళలనే అనుసరించి పదింటికి మొదలయ్యేవి గనుక, ఆరింటి వీధిబడితో పోలిస్తే పిల్లవాడికి నాలుగు గంటల తెరిపి దొరికింది. లేచి, ఆడి, చద్ది తిని, నడిచి బడికి పోయే వ్యవధి అది. ఇంగ్లీషు చదువు మీద ఎన్ని ఫిర్యాదులున్నా, పిల్లల నిద్రను దోచుకొన్నదన్న నేరం దానికి అంటదు.

మరి నిద్ర ఎక్కడ పోయింది? ఉదయంలో వెదికినవారికి ఇది దొరకదు, ఎందుకంటే పోయినది రాత్రిలో. ఆముదపు దీపం ఖరీదైన వస్తువు. దాని వెలుతురు చిన్నది. కిరసనాయిలు బుడ్డి, ఆ తరువాత విద్యుద్దీపం వచ్చే వరకు సామాన్యుల ఇంట్లో దీపాలవేళకు అన్నం, వెంటనే పక్క. వీధినాటకాలూ హరికథలూ ఉన్న రాత్రులలో పిల్లలు కూడా మేలుకొనే ఉండి చివరికి తల్లి ఒడిలో వాలిపోయినా, ఆ రాత్రులు పండుగకో జాతరకో వచ్చేవి గాని రోజూ వచ్చేవి కావు. టెలివిజన్‌ను కూడా మొదటినుంచీ దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాలలోని పల్లెలకు ప్రసారాలు అందించిన ‘సైట్’ ప్రయోగంలో, పిల్లల కార్యక్రమం పొద్దున గంటన్నర సేపు బడిలో వచ్చేది. సాయంత్రపు ప్రసారం పెద్దలది. టెలివిజన్ పిల్లల నిద్రవేళను ఆక్రమించినది ఇంట్లోకి వచ్చి, రాత్రి భోజనం ముందు కూర్చున్న తరువాత. ఫోను ఇంకొక అడుగు ముందుకు వేసి పక్క మీదికే వచ్చింది.

ఈ కారణాన్ని ఇంత గట్టిగా చెప్పడానికి ఒక శరీరధర్మం ఆధారంగా ఉంది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు స్వభావతః పెందలాడే పడుకొని పెందలాడే లేచేవారు. ఆలస్యంగా పడుకొనే మొగ్గు యౌవనారంభంలో వస్తుంది. బడిని ఎనిమిదిన్నరకు ముందు మొదలుపెట్టరాదని అమెరికా శిశువైద్యుల సంఘం 2014లో చేసిన సూచన ఆ ఎదిగే వయసు వారికోసం చేసినదే, దానిని ఎల్‌కేజీ పిల్లలకు అన్వయించడం పొరపాటు. తగినంత నిద్రపోయిన నాలుగేళ్ల బిడ్డ చాలావరకు ఎవరూ లేపకుండానే లేస్తుంది. కాబట్టి అంతటి బిడ్డ రోజూ ఏడింటికి కూడా కళ్లు తెరవలేక ఏడుస్తున్నదంటే, జ్వరమో శ్వాస ఇబ్బందో వంటి అనారోగ్యం లేనప్పుడు, ముందుగా అనుమానించవలసినది బద్ధకాన్ని కాదు, గడిచిన రాత్రిని.

ఇరవై ఒకటవ శతాబ్దిలో ఉదయం రెండువైపులా కురచ అయింది. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకంతో మొదలైన అంగన్‌వాడీ, పేరుకు తగినట్లే వాకిట్లోని బడి. పిల్ల నడిచి పోగలిగినంత దూరంలో ఉంటుంది. దాని భవనాల మీదా బోధన మీదా ఎన్ని విమర్శలున్నా, పసిపిల్లల ఉదయాన్ని తక్కువగా హింసించే ఏర్పాటు ఇప్పటికీ అదే. తల్లిదండ్రులు మాత్రం మూడేళ్లకే పిల్లలను దూరపు ప్రైవేటు నర్సరీకి పంపుతున్నారు. ఇంగ్లీషు కావాలన్న వారి కోరికను తప్పు పట్టలేము. తప్పు పట్టవలసినది బస్సును. బస్సు తిరిగే దారిలో మొదటి ఇల్లు తమదైతే, తొమ్మిదింటి తరగతికి బిడ్డ ఏడింటికే వీధిలో నిలబడాలి. జనవరిలో హైదరాబాదులో ఆరూ ముప్పావు దాకా సూర్యుడే రాడు. ప్రామాణిక కాలపు రేఖకు దగ్గరగా ఉన్న కాకినాడ కంటె అక్కడ పొద్దు పావుగంట వెనుక. 2009 విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు చాలునన్నది, అంటే రోజుకు నాలుగు గంటలు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లల పూర్వప్రాథమిక విద్యకు ఏర్పాట్లు చేయవచ్చునని మాత్రం చెప్పి, వారి వేళలకు ఏ హద్దూ పెట్టకుండా వదిలింది. చట్టంలో ఇది చిన్న లోపం కాదు.

ఇళ్లలో ఇప్పుడు కనబడుతున్న బొమ్మల పట్టికల గురించి కూడా ఒక మాట చెప్పాలి. పళ్లు తోముకోవడం, స్నానం, టిఫిను, సంచి అని బొమ్మలు వరుసగా గోడకు అంటించి, బిడ్డ ఒక్కొక్కటే చూసుకొని చేసుకొనేటట్లు అలవాటు చేయడం మెచ్చదగినది. అది చద్దివేళ, అంబటివేళల వరుసే మరొక రూపంలో. బట్టలు రాత్రే తీసిపెట్టి, ఏ చొక్కా కావాలో బిడ్డనే ఎంచుకోనిస్తే పొద్దుటి గొడవ సగం తగ్గుతుంది. అయితే త్వరగా లేచినందుకు నక్షత్రాలు అంటించి, అన్నదమ్ములలో ఎవరికి ఎక్కువ వచ్చాయో లెక్కించడం వల్ల వీధిబడి పంతులు అరచేతిలో చుట్టిన సున్నే తిరిగి ఇంటికి వస్తుంది. నిద్ర ఒక పరీక్ష కాదు. చాలని నిద్రకు బహుమానం ఆశచూపి బిడ్డను లేపడం ఆకలిగొన్నవాణ్ణి ఆకలి వేయనందుకు మెచ్చుకోవడం వంటిది. విదేశాలలో, అమ్మమ్మ గాని నాయనమ్మ గాని లేని ఇళ్లలో, ఇద్దరూ ఉద్యోగాలకు పోయే తెలుగు తల్లిదండ్రులు ఈ పట్టికల మీద మరింత ఆధారపడుతున్నారు. వారి ఇబ్బంది నిజమైనదే. కాని గోడమీది బొమ్మ, పక్కన కూర్చొని వీపు నిమిరే మనిషికి బదులు కాజాలదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం మూడు, నాలుగేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు పది నుంచి పదమూడు గంటల నిద్ర, అదీ రోజూ ఒకే వేళకు పడుకొని ఒకే వేళకు లేచే నిద్ర, అవసరం. పగటి కునుకు లేని బడికి వెళ్లే నాలుగేళ్ల బిడ్డ పొద్దున ఆరింటికి లేవవలసి ఉంటే, ఆ ఇంట్లో దీపం రాత్రి ఎనిమిదింటికి ఆరాలి.